తొమ్మిదో పేజీలో మినుములు

నాలుగు వందల మినపగింజలు తడి కాగితంలో పెడితే రెండు వందల ఎనిమిది మొలిచాయి. ఇంత చిన్న సంగతి పైవాళ్ళకు చెప్పడానికి షబ్నం పదకొండు పేజీల రిపోర్టు రాయాల్సి వచ్చింది. అదీ మూడుసార్లు.

తెనాలిలో ఓ విత్తనాల కంపెనీలో ఆమె ల్యాబ్ ఇన్‌చార్జి. ల్యాబ్ అంటే పెద్ద హంగామా ఏమీ లేదు. రెండు బల్లలు, ఓ చల్లటి పెట్టె, కిటికీ పక్కన ఓ కుర్చీ. గోడౌన్‌కి వచ్చిన ప్రతి లాటులోంచి గింజలు తీసి, వంద చొప్పున తడి కాగితంలో పేర్చి, చుట్ట చుట్టి పెట్టెలో నిలబెడుతుంది. ఏడు రోజుల తర్వాత చుట్టలు విప్పి మొలకలు లెక్కపెడుతుంది. నూటికి డెబ్బై ఐదు మొలిస్తే ఆ లాటు అమ్ముకోవచ్చు. అంతకు తగ్గితే అమ్మకూడదు. ఇది షబ్నం పెట్టిన రూలు కాదు, ప్రభుత్వం పెట్టింది.

పదిహేడో లాటు నూటికి యాభై రెండు దగ్గర ఆగిపోయింది. అనుమానం వచ్చి ఆమె వెళ్ళి గోడౌన్ చూసింది. తుఫానుకి రేకు లేచిపోయి, ఆ మూల సంచులు తడిశాయి. తడిసినవాటిని ఎవరో ఎండలో ఆరబోసి, మళ్ళీ కుట్టేసి, ఏమీ ఎరగనట్టు వరసలో పెట్టేశారు. పైకి చూస్తే నిగనిగలాడుతూ మంచి గింజల్లాగే ఉన్నాయి. లోపల సగం చచ్చిపోయాయి.

ఆ రోజు సోమవారం. డిసెంబరు ఎనిమిది. రేపల్లె వైపు వరికోతలు ఆ వారంలోనే మొదలవుతున్నాయి. ఆ ప్రాంతంలో మినుములు చల్లేది కోతకి రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిచేలోనే. నేలలో తేమ ఉండగానే గింజ పడాలి. వరి కోసి, ఆరబెట్టిన పనలు తీసేసరికి మొక్క లేచి ఉండాలి. ఆ అదను దాటిందంటే నేల ఎండిపోతుంది, మళ్ళీ చల్లినా లాభం ఉండదు. రెండో అవకాశం లేని పంట అది. విత్తనాల కంపెనీలో జీతం తీసుకునే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తెలియాలి మరి.

అందుకే షబ్నం రిపోర్టు మొదటి పేజీలో మొదటి లైనులోనే పెట్టింది: పదిహేడో లాటు ఫెయిలయింది, రేపల్లెకీ బాపట్లకీ పంపవద్దు.

మేనేజరు గిరీష్ పిలిపించాడు.

"కూర్చోండి షబ్నం గారూ. రిపోర్టు చాలా బాగుందండి. కానీ మొదటి పేజీ ఒకసారి చూసుకున్నారా?"

"నేనే రాశాను కదండి."

"పదిహేడో లాటు మొదటి పేజీలో పెట్టేశారు."

"అదే కదండి ముఖ్యం. మిగతా ఇరవై రెండు లాట్లు పాసయ్యాయి. వాటి గురించి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. దీని గురించే చెయ్యాలి."

గిరీష్ నవ్వాడు. చిన్నపిల్ల బడికి చెప్పులు తిరగేసి వేసుకొచ్చినప్పుడు నవ్వే నవ్వు అది. "మన ఆఫీసు పద్ధతి మీకు తెలియంది కాదుగా" అన్నాడు.

తెలియకేం. ఆరేళ్ళుగా చూస్తూనే ఉంది. ఈ కంపెనీలో ఏ రిపోర్టయినా సరే మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు పెడతారు, పెళ్ళి శుభలేఖకి పెట్టినట్టు. చైర్మన్ జనార్దనరావు తండ్రిగారి నాటి ఆచారం అది. కంపెనీ పెట్టిన ఏడాది ఓ రోజు పొద్దున్నే ఆయన చేతికొచ్చిన మొదటి కాగితంలో చెడ్డకబురు ఉందట. ఆ ఏడాదంతా ఏదీ కలిసిరాలేదట. అప్పటినుంచీ మొదటి పేజీ అంటే శుభం పలకాల్సిన పేజీ అయిపోయింది. పసుపు పెట్టిన కాగితం మీద చెడ్డమాట రాయకూడదు. టైపు సెక్షన్‌లో కంప్యూటరు పక్కనే చిన్న గిన్నెలో తడిపిన పసుపు ఎప్పుడూ ఉంటుంది. వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్‌కి కూడా పసుపు పెట్టిన పేజీనే స్కాన్ చేసి పంపుతారు. అంత నిష్ఠ.

పసుపు మీద షబ్నంకి ఏనాడూ కోపం లేదు. నమ్మకాలు లేని ఇల్లు ఎక్కడుంది? ఆమె తల్లి అమీనా బీ కూడా ఎవరైనా గడప దాటుతుంటే వెనకనుంచి చెడ్డమాట పలకనివ్వదు. షబ్నం కోపమల్లా ఆ పసుపు చాటున హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నవాళ్ళ మీద. పెద్దాయన జనార్దనరావు మొదటి పేజీ చదివి సంతకం పెడతాడు. తర్వాతి పేజీ తిప్పడు. ఆ సంగతి అందరికీ తెలుసు. కాబట్టి ఎవరికి ఏది దాచాలని ఉంటే అది రెండో పేజీ నుంచి మొదలుపెట్టుకోవచ్చు. గోడౌన్ రేకు లేచిపోయిందన్న సంగతి ఎన్ని నెలలుగా ఏ రిపోర్టులో ఏ పేజీలో మగ్గుతోందో ఎవరికి తెలుసు?

"మొదటి పేజీలో ఇరవై రెండు లాట్లు పాసని రాయండి. అబద్ధం కాదుగా" అన్నాడు గిరీష్. "పదిహేడు సంగతి లోపల టేబుల్లో ఎలాగూ వస్తుంది. అదీ ఫెయిల్ అని కాకుండా కాస్త మెత్తగా రాయండి."

"మెత్తగా అంటే?"

"మొలక శాతం మెరుగుపడవలసి ఉంది, అనండి."

"చచ్చిన గింజ ఎట్లా మెరుగుపడుతుందండి?"

గిరీష్ చెడ్డవాడు కాడు. అరవడు, ఎవరినీ మాట అనడు. అతనికి ఉన్న విద్యల్లా ఒకటే, ఆఫీసులో అందరూ ఇస్త్రీ అని చెప్పుకునేది. ఏ వాక్యమైనా ఒకసారి అతని చేతిలో పడితే ముడతంటూ ఉండదు. అర్థం కూడా ఉండదు. ఈమధ్య హైదరాబాదు నుంచి ఒకాయన్ని పిలిపించి, రిపోర్టులు ఎలా రాయాలో బాపట్లలో రెండు రోజుల ట్రైనింగ్ కూడా పెట్టించాడు. సమస్య అనకండి, సవాలు అనండి. లోపం అనకండి, అవకాశం అనండి. రెండు రోజులూ ఇదే పాఠం. చదివినవాడు ఏం చెయ్యాలో రాయండి అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. భోజనం మాత్రం బాగుంది.

షబ్నం రెండోసారి రాసింది. మూడోసారి రాసింది. మూడోసారికి పదిహేడో లాటు తొమ్మిదో పేజీకి చేరింది. ఇరవై మూడు వరసల పట్టికలో పదిహేడో వరస. ఎదురుగా యాభై రెండు అన్న అంకె. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ లాటు విడుదల విషయమై తగు పరిశీలన అవసరం, అని ఇంగ్లీషులో ఒక ముక్క.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మూడోసారి రాసేటప్పుడు షబ్నంకి పెద్దగా కోపం రాలేదు. విసుగొచ్చింది, అలసటొచ్చింది. ఆ తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన ఒక నిశ్చింత కూడా వచ్చింది. నేను రాశాను, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి తొమ్మిదో పేజీ ఉంది, నా పని అయిపోయింది, అనుకుంది. అలా అనుకుని ఇంటికి వెళ్ళి అన్నం తిని పడుకుంది.

మంగళవారం పొద్దున పెద్దాయన పసుపు పేజీ చదివి, సంతోషించి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాడు. బుధవారం పొద్దున్నే రెండు లారీలు కదిలాయి. ఒకటి రేపల్లెకి, ఒకటి బాపట్లకి.

శనివారం పొద్దున తొమ్మిదింటికి బాపట్ల బ్రాంచి నుంచి బ్లెస్సీ ఫోన్ చేసింది. బ్లెస్సీకి ఉద్యోగంలో చేరి ఏడాదే. ప్రతిదీ అడిగి చేసే మనిషి.

"అక్కా, మా దగ్గరికి మూడు లాట్లు వచ్చాయి. ఇక్కడ కోతలకి ఇంకా టైముంది. సోమవారం నుంచి షాపులకి పంపుదామనుకుంటున్నా. ముందు పదిహేడు పంపమంటావా, పంతొమ్మిదా?"

షబ్నం చేతిలోని చుట్ట బల్లమీద పెట్టేసింది. "పదిహేడు నీ దగ్గరికి ఎట్లా వచ్చింది?"

"లారీలో వచ్చిందక్కా."

"అది ఆపమని రాశాను కదా."

"ఎక్కడక్కా?"

"రిపోర్టులో. తొమ్మిదో పేజీలో."

బ్లెస్సీ ఫోన్లో పీడీఎఫ్ తెరిచి వెతుకుతోందని షబ్నంకి అర్థమైంది. రెండు నిమిషాలు పట్టింది. వెతకమని చెబితే, ఏ పేజీయో చెబితే, రెండు నిమిషాలు.

"యాభై రెండు అని ఉందక్కా. కానీ ఆపమని ఎక్కడా లేదే. పరిశీలన అవసరం అనుంది. ఎవరు పరిశీలించాలి? నేనా?" అంది బ్లెస్సీ. వెటకారం కాదు. నిజంగానే అడుగుతోంది. "మొదటి పేజీ చూసి అన్నీ బాగున్నాయనుకున్నానక్కా. ఆపమంటే ఇప్పుడే ఆపేస్తా. సంచులు మా గోడౌన్ దాటలేదు."

"ఆపు. వాటి మీద ఎర్ర సిరాతో రాసి పెట్టు. ఎవరడిగినా నేను ఆపమన్నానని చెప్పు."

బాపట్ల బతికింది. రేపల్లెకి మాత్రం బుధవారమే సరుకు దిగింది, దిగింది దిగినట్టు షాపుకి వెళ్ళింది. షబ్నం లేచి నేరుగా గిరీష్ గదిలోకి వెళ్ళింది. తలుపు తట్టిందో లేదో ఆమెకే గుర్తులేదు.

"పదిహేడో లాటు రేపల్లెలో అమ్ముతున్నారండి."

గిరీష్ కంప్యూటరు వంక చూస్తూనే, "మీరు రాశారుగా" అన్నాడు.

"రాశాను."

"మరింకేంటండి? తొమ్మిదో పేజీలో ఉంది. రేపు ఏదైనా గొడవొస్తే మీ తప్పు ఉండదు, నా తప్పూ ఉండదు. డిస్పాచ్ వాళ్ళు చదువుకోవాలి. పెద్దాయన సంతకం కూడా ఉంది. మనం సేఫ్."

ఆ మాటకి షబ్నం ఒళ్ళు మండిపోయింది. మండింది అతని మీదే కాదు. సోమవారం సాయంత్రం తాను అన్నం తిని పడుకునే ముందు అనుకున్న మాటే ఇప్పుడు అతని నోట్లోంచి ఊడిపడింది. అప్పుడు మెత్తగా ఉన్న మాట ఇప్పుడు వింటే కంపు కొట్టింది. ఇన్నేళ్ళుగా ఈ ఆఫీసులో ఎవరు ఎవరికోసం రాస్తున్నారు? చదివేవాడి కోసం ఒక్కడూ రాయడం లేదు. రేపు ఎవరో నిలదీస్తే చూపించడానికి రాసి పెట్టుకుంటున్నారు. నలుగురు దాక్కోవడానికి పదకొండు పేజీలు.

"మనం సేఫేనండి. రైతులో?" అంది.

"సరే, రివైజ్డ్ రిపోర్టు తయారు చెయ్యండి. సోమవారం పెద్దాయనకి పెడతాను. ఇవాళ శనివారం కదా, సగం మంది రారు."

"సోమవారానికి రేపల్లెలో చేలు కోసేస్తారండి."

"అందుకని ఇప్పుడేం చేద్దామంటారు? పద్ధతి ప్రకారం వెళ్ళాలిగా."

షబ్నం ల్యాబ్‌కి తిరిగొచ్చి ఒక తెల్లకాగితం తీసి సగానికి చించింది. కంప్యూటరు తెరవలేదు. తెలుగులో, పెద్ద అక్షరాలతో, పెన్నుతో రాసింది.

'పదిహేడో లాటు మినుములు అమ్మవద్దు. అమ్మినవి వెనక్కి తీసుకోండి. కొన్నవాళ్ళు చేలో చల్లవద్దు. వందలో యాభై రెండు గింజలే మొలుస్తున్నాయి. వీటికి బదులు ఇరవయ్యో లాటు సంచులు ఇవాళే ఇవ్వండి. పరీక్ష ముగిసిన తేదీ డిసెంబరు ఎనిమిది, సోమవారం. అనుమానం ఉంటే నాకు ఫోన్ చెయ్యండి.'

కింద పేరు, హోదా, ఫోన్ నంబరు. రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అందులో మూడు నిమిషాలు పెన్ను వెతుక్కోవడానికే పోయాయి.

పెద్దాయన గది మేడమీద. జనార్దనరావుకి డెబ్బై దాటాయి. సొంతూరు అంగలకుదురులో ఇప్పటికీ పొలం చేయిస్తాడు. పొద్దున్నే అక్కడొక చుట్టు చుట్టి, పదింటికి ఆఫీసుకొచ్చి, మజ్జిగ తాగి, కాగితాలు చూస్తాడు. షబ్నం ఇచ్చిన సగం కాగితాన్ని అందుకుని ముందు దాని మూలలు చూశాడు.

"పసుపు ఏదమ్మాయ్?"

"పెట్టలేదండి. ఇది శుభవార్త కాదండి."

ఆయన ముఖం ముడుచుకుంది. కాగితం పక్కన పెట్టబోయి, అప్పటికే కళ్ళు మొదటి లైను మీద పడటంతో ఆగాడు. అంత పెద్ద అక్షరాలు చదవకుండా తప్పించుకోవడం కష్టం. చివరిదాకా చదివాడు. ఒకసారి తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"సోమవారం తెలిసిందా ఇది?"

"అవునండి."

"మంగళవారం నేను సంతకం పెట్టిన దాంట్లో లేదే?"

"ఉందండి. తొమ్మిదో పేజీలో."

"అంత లోపల రాస్తే ఎట్లా తెలుస్తుంది? నాతో నోటితో చెప్పకూడదూ?"

"మొదటి పేజీలోనే రాశానండి. రెండుసార్లు వెనక్కి వచ్చింది. పసుపు పేజీలో చెడ్డమాట ఉంటే మీకు కోపం వస్తుందన్నారు."

"మొదటి పేజీలో వద్దన్నానే గాని చెప్పొద్దని నేనెప్పుడన్నాను?"

"మొదటి పేజీ దాటి మీరు చదవరండి" అంది షబ్నం.

ఆరేళ్ళ ఉద్యోగం ఆ ఒక్క వాక్యంతో ఊడిపోతుందేమో అనుకుంది. పెద్దాయన మాత్రం కాగితం వంకే చూశాడు. ఆయన కూడా పొలం చేసే మనిషే కదా, మొలవని విత్తనం అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ పెన్ను తీసి, షబ్నం పేరు కింద సంతకం పెట్టి, ఫోన్ అందుకున్నాడు.

"హనుమంతరావుకి నేను చెబుతా. నువ్వు కాగితం తీసుకుని రేపల్లె వెళ్ళు. మన కారు బయటికెళ్ళింది, బస్సెక్కు. దీన్ని అందరి ఫోన్లకీ పంపమని గిరీష్‌కి చెప్పు. ఇస్త్రీ చెయ్యొద్దన్నానని కూడా చెప్పు."

ఇస్త్రీ సంగతి ఆయనకీ తెలుసన్నమాట. అన్నీ తెలిసే ఇన్నాళ్ళు మొదటి పేజీతో సరిపెట్టుకున్నాడన్నమాట. బస్టాండు దాకా నడుస్తున్నంతసేపూ షబ్నంకి ఆ కోపం చల్లారలేదు. మూడుసార్లు రాసి, మూడుసార్లు దిద్ది, పసుపు పెట్టించి, స్కాన్ చేయించి సాధించలేని పని, సగం కాగితంతో ఐదు నిమిషాల్లో అయింది. ఇంత సులువని తెలిస్తే మనిషికి సంతోషం రావాలి. ఆమెకి ఏడుపొచ్చింది.

రేపల్లెలో హనుమంతరావు విత్తనాల షాపు ముందు అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. హనుమంతరావు ముఖం కందగడ్డలా ఉంది. ముప్పై ఏళ్ళుగా అదే చోట షాపు నడుపుతున్నాడు, కొనేవాళ్ళందరి ఊరూ పేరూ నోటికి వచ్చు.

"ఏంటమ్మా ఇది? నేను పంపమన్నానా మొలవని సరుకు? రేపు నా షాపు ముందు నిలబడి అడిగేది మీ చైర్మన్ గారిని కాదు, నన్ను."

"నిజమేనండి. తిట్టండి, పడతాను. కానీ ముందు ఎవరెవరు కొన్నారో చెప్పండి" అంది షబ్నం.

ఆ జవాబు ఆయన ఊహించలేదు. తిట్టడం ఆపి బిల్లు పుస్తకం తీశాడు. పదిహేడో లాటు తీసుకున్నది పన్నెండు మంది. ఆయనా షబ్నమూ చెరో ఫోనూ పట్టుకుని కూర్చున్నారు. ప్రతివాళ్ళకీ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించారు. ఒక్కళ్ళు కూడా అర్థం కాలేదనలేదు, ఒక్కళ్ళు కూడా మళ్ళీ చెప్పమనలేదు. కొందరు తిట్టారు, కొందరు ఊపిరి పీల్చుకున్నారు. పదకొండు మంది ఇంకా చల్లలేదు. వేమూరు దగ్గర ఒకాయన చేటలో గింజలు పోసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడట. ఇంకో పావుగంట ఆలస్యమైతే చల్లేసేవాడినన్నాడు.

పన్నెండో ఫోన్ మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు.

"భట్టిప్రోలు సుబ్బాయమ్మ గారు" అన్నాడు హనుమంతరావు. "నాలుగెకరాలు కౌలుకి చేస్తుంది. ఆయన పోయాక ఒక్కతే చేయించుకుంటోంది. బుధవారం సాయంత్రం ఆరు సంచులు పట్టుకెళ్ళింది. చేలో ఉంటే ఫోన్ ఇంట్లోనే పెట్టేస్తుందమ్మా ఆవిడ."

షాపులో ఉన్న ఇరవయ్యో లాటు సంచులు ఆరు ఆటోలో వేయించుకుని షబ్నం భట్టిప్రోలు బయల్దేరింది. దారిపొడుగునా కాలవ పక్కన కొన్ని చేలు నిలబడి ఉన్నాయి, కొన్ని కోసి ఉన్నాయి. కోసిన ప్రతి చేనూ సుబ్బాయమ్మదేనేమో అనిపించి ఆమె అటువైపు చూడటం మానేసింది.

ఊళ్ళో అడిగితే చేను చూపించారు. గట్టు మీదనుంచి చూడగానే సంగతి అర్థమైంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసగా వంగి కోస్తున్నారు. సగం చేను అప్పటికే అయిపోయింది, పనలు పరిచి ఉన్నాయి. మిగతా సగం ఇంకా నిలబడి ఉంది. తలకి తువ్వాలు చుట్టుకుని, బక్కగా, నిటారుగా ఉన్న అరవై ఏళ్ళావిడ గట్టు దగ్గరికి వచ్చింది.

"ఎవరమ్మాయ్? ఎవరి కోసం?"

"మీకోసమేనండి పెద్దమ్మా. తెనాలి విత్తనాల కంపెనీ నుంచి వచ్చాను. మొన్న మీరు హనుమంతరావు గారి షాపులో మినుములు తీసుకున్నారు కదా. చల్లేశారా?"

"చల్లకపోతే కొయ్యనిస్తానా? గురువారమే చల్లాను. ఏం?"

షబ్నం కాగితం అందించింది.

సుబ్బాయమ్మ చేతులు చీరకి తుడుచుకుని, నడుముకి కట్టుకున్న సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, మెల్లగా, పైకే చదివింది. చల్లవద్దు అన్నచోట వేలు ఆగింది. మళ్ళీ కదిలింది. చివరిదాకా చదివింది. చదివాక ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వెనక్కి తిరిగి కేకేసింది.

"ఆపండే. కొయ్యడం ఆపండి."

ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు.

"ఆ సంచుల్లోవి మంచివేనా?" అని ఆటో వైపు చూపించింది.

"మంచివే పెద్దమ్మా. నా చేత్తో లెక్కపెట్టాను. వందకి ఎనభై ఎనిమిది."

సుబ్బాయమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, షబ్నం కలిసి సంచులు విప్పారు. నిలబడి ఉన్న రెండెకరాల వరిలోకి దిగి చల్లారు. షబ్నం చెప్పులు గట్టు మీద వదిలేసి వాళ్ళ వెనకే నడిచింది. చల్లడం ఆమెకి రాదు, గింజలు ఒకేచోట కుప్పగా పడుతుంటే ఒకావిడ చెయ్యి పట్టుకుని ఎలా విసరాలో చూపించింది. నేలలో ఇంకా తేమ ఉంది. పాదం పెడితే చల్లగా తగులుతోంది. ఈ సగం మొలుస్తుంది.

కోసేసిన సగానికి చేసేదేమీ లేదు. పనల మీద చల్లితే గింజ నేలకి తగలదు. పనలు తీసేదాకా ఆగితే నేల బిగిసిపోతుంది. అది సుబ్బాయమ్మకి చెప్పాల్సిన పని లేదు. ఆమె గట్టు మీద కూర్చుని ఆ రెండెకరాల వంకే చూస్తోంది. కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

"ఇందులో సోమవారం అనుంది" అంది.

"అవును పెద్దమ్మా."

"నేను కొన్నది బుధవారం. చల్లింది గురువారం."

"అవునండి."

"ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందా?"

అబద్ధం చెప్పడానికి కావలసినంత సామగ్రి షబ్నం దగ్గర ఉంది. డిస్పాచ్ వాళ్ళు చదవలేదనవచ్చు. మేనేజరు వెనక్కి పంపాడనవచ్చు. తొమ్మిదో పేజీ చూపించవచ్చు, ఫోన్లోనే ఉంది. ఆ చేనుగట్టు మీద అవేవీ నోటికి రాలేదు.

"రాయడానికి కాదు పెద్దమ్మా. సోమవారమే రాశాను. మొదటి పేజీలో పెడితే మా పెద్దాయనకి కోపం వస్తుందన్నారు. అందుకని వెనక పేజీలో పెట్టాను."

సుబ్బాయమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొదటిసారి షబ్నం ముఖంలోకి నేరుగా చూసింది.

"మరి నాకు కోపం రాదనుకున్నారా?" అంది.